మిషన్‌కు కట్టేదా, మనిషి కట్టేదా

ఆ రోజుల్లో నైలాన్ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పి ఒప్పించే ఓపిక నాకు లేదు. ఇప్పుడు సంతలో గుట్టలు పోసి అమ్మినా ఎవరూ వంగి చూడని బట్ట, అప్పుడు ఒక గజం ఎవరింట్లోకైనా వచ్చిందంటే వాడకట్టంతా వచ్చి ముట్టుకుని పోయేది. నలగదు, చినగదు, పిండి దులిపితే ఆరిపోతుంది, పైగా ఫారిన్ సరుకు. ఇన్ని మంచి గుణాలున్న మనిషి కనబడితే కాస్త దూరంగా ఉండమని మా నాన్న చెప్పేవాడు గానీ, బట్ట గురించి ఏమీ చెప్పలేదు. ఆ బట్టతో నాకు పదిహేను రోజుల సంసారం ఒకటి జరిగింది. నా ఉద్యోగం ఊడవలసిన సంసారం. ఊడకుండా నిలబడింది నా తెలివి వల్లనే అని చాలా ఏళ్లు అనుకుంటూ వచ్చాను. (నా తెలివి గురించి నేను పొరబడిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. వాటిలో చెప్పుకోదగ్గది ఇదొక్కటే.)

అరవైల మధ్యలో, సుంకాల శాఖలో ఇన్‌స్పెక్టరుగా నన్ను తెనాలి పక్కనుంచి తీసుకెళ్లి నిజామాబాదులో పడేశారు. మా ఆఫీసు ఇత్తడి సామాన్ల దుకాణం మీద రెండు గదులు. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా కింద బిందెల సొట్టలు తీస్తూ ఉండేవాళ్లు, పైన మేము ఫైళ్లు తీస్తూ ఉండేవాళ్లం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. కానీ అలసట మాత్రం అప్పటికే యాభై దాటినవాడిది. బస్సు ఎక్కితే అలసట, దిగితే అలసట, కాగితం మీద సంతకం పెట్టాక కలానికి మూత పెట్టడం కూడా ఒక పని అనిపించేది. ఇలాంటివాణ్ణి ఊరూరా తిప్పే ఉద్యోగంలో ఎందుకు వేశారో, వేసినవాళ్లకే తెలియాలి. దానికి తోడు నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ప్రొబేషను ఒకసారి అప్పటికే పొడిగించారు. దానికి కారణం ఇది. ఒక పొగాకు గోదాముకు లక్క ముద్ర వేసి తాళం పెట్టి వచ్చేసి, నా గొడుగూ టిఫిన్ డబ్బా లోపలే ఉండిపోయాయని వీధి చివర గుర్తు తెచ్చుకున్నాను. వేసిన ముద్ర పైవాళ్ల అనుమతి లేకుండా తీయకూడదు. అనుమతి పదకొండు రోజులకు వచ్చింది. డబ్బాలో ఉన్నది పెసరట్టు. తలుపు తీసినప్పుడు సాక్షులుగా నిలబడ్డవాళ్లు ఏం చెప్పుకున్నారో గానీ, నా సర్వీసు పుస్తకంలో ‘అజాగ్రత్త’ అని ఒక మాట పడింది.

ఆ మాట రాసింది మా సూపరింటెండెంటు గారు. ఆయన్ని మేమందరం కామా సారు అనేవాళ్లం. ఏ కాగితం పెట్టినా ఎర్ర పెన్సిలుతో ఒక కామా చుట్టి వెనక్కి పంపేవారు. చెడ్డవాడు కాదు. లోకమంతా సరైన చోట కామా పెట్టుకుంటే బాగుపడుతుందని నమ్మినవాడు, అంతే. ఇక మూడోవాడు మా అటెండరు, ముసలాయన, ఊరందరికీ చాచా. నిజామాబాదులో ఆయనకు తెలియని గల్లీ లేదు, ఆయన సలాం అందుకోని దుకాణం లేదు. నాకు అక్కడి మాట సగం అర్థమయ్యేది కాదు, నా మాట వాళ్లకు సగం అర్థమయ్యేది కాదు. ఆ రెండు సగాలకూ మధ్య చాచా నిలబడి రెండు వైపులా నడిపించేవాడు.

ఒకరోజు బొంబాయి రేవు నుంచి ఒక కవరు వచ్చింది. అందులో రెండు గజాల తెల్లని నైలాన్ నేతబట్ట, దాని ఒక మూలకు దారంతో కట్టిన చీటీ, చీటీ మీద మూడు సింహాల లక్క ముద్ర. ఉత్తరం సంగతి ఇది. బోధన్ దగ్గర ఒక చిన్న ఖండసారి చక్కెర మిల్లువాళ్లు ఈ బట్టను విదేశం నుంచి తెప్పించారు. చెరకు రసం వడగట్టడానికని వాళ్లంటున్నారు. టారిఫ్ పుస్తకంలో యంత్రాలకు వాడే వడపోత బట్టకు చిన్న సుంకం. అదే మనుషులు తొడుక్కునే కృత్రిమ నూలు నేతబట్ట అయితే పెద్ద సుంకం, మామూలు పెద్దది కాదు. చూస్తే చొక్కా బట్టలాగే ఉంది. కాబట్టి మీ ప్రాంతంలో వర్తకులూ జనమూ దీన్ని ఏమని పిలుస్తారో, దేనికి వాడతారో పదిమందిని విచారించి నివేదిక పంపండి, నమూనాను ముద్రతో సహా చెక్కుచెదరకుండా తిప్పి పంపండి, గడువు పదిహేను రోజులు. కామా సారు ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, నా వైపు చూసి ఒకే మాటన్నారు.

“ఇది మిషన్‌కు కట్టేదా, మనిషి కట్టేదా, అంతే తేల్చాల్సింది. మీ ప్రొబేషన్ ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది, ఈ నెలాఖరుకు పంపాలి. ఈసారి గొడుగు మర్చిపోకండి.”

అలా ఆ బట్టను చంకన పెట్టుకుని, చాచాను ముందు పెట్టుకుని బజారులో పడ్డాను. నేను దారిలో చాచాకు విషయం వివరించాను, టారిఫ్ కోసం విచారిస్తున్నామని చెప్పు, మిగతాది నేను రాసుకుంటానని. ఆయన తలూపాడు. మొదటి దుకాణం దర్జీది. చాచా బట్టను మడత విప్పి మిషను మీద పరిచి, “సాబ్ దీని తారీఫ్ అడుగుతుండు, జెర మంచిగ చెప్పు” అన్నాడు. దర్జీ ఆ బట్టను నిమిరి, వెలుతురుకు పట్టి చూసి, దీనితో షర్టు కుట్టిస్తే పదేండ్లు చినగదని, తొడిగినోడు పోయినా షర్టు ఉంటదని చెప్పాడు. నేను ‘షర్టు బట్ట’ అని రాసుకున్నాను. తర్వాత గంజ్ మార్కెట్‌లో పసుపు వ్యాపారి, దీని అంత మెత్తటి జల్లెడ తన తాతకు కూడా దొరకలేదని, పసుపు పొడి పౌడరులాగ దిగుతుందని అన్నాడు. ‘జల్లెడ బట్ట’ అని రాసుకున్నాను. కోటగిరి నుంచి చెరకు బండి తోలుకొచ్చిన రైతు ఒకాయన, దోమ కాదు గదా గాలి కూడా అడిగి లోపలికి రావాలన్నాడు. అది దోమతెర అయింది. సరిహద్దు అవతల నుంచి వచ్చి గాజులమ్మే మరాఠీ ఆమె ఏదో చెప్పి కళ్లకద్దుకుంది. చాచా దాన్ని ‘పెండ్లి బట్ట’ అన్నాడు. మధ్యాహ్నానికి ఎనిమిది మందిని అడిగితే ఎనిమిది పేర్లు వచ్చాయి. ఎవరూ చెరకు రసం మాట ఎత్తలేదు. ఒక సంగతి మాత్రం నాకు వింతగా అనిపించింది. ఒక్కరు కూడా ఆ బట్టను చెడ్డమాట అనలేదు. ఆంధ్రాలో ఎవరికైనా బట్ట చూపించి ఏమిటిది అని అడిగితే ముందు వంక చెప్పి తర్వాత పేరు చెబుతారు. ఇక్కడి జనం ఎంత మంచివాళ్లో అనుకుని, కాళ్లు లాగుతుండగా ఇంటికి వచ్చాను.

ఇల్లంటే టీచరమ్మ వాళ్ల ముందుగది. ఆమె మిషన్ బడిలో చిన్న పిల్లలకు చదువు చెప్పేది. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే బిడ్డ, నర్సు చదువు పూర్తయింది, పెండ్లి కుదిరింది, ఇంకా తొమ్మిది రోజులే ఉంది. వాళ్లు మెథడిస్టులు. పెండ్లికూతురు తెల్లచీర మీద తల నుంచి వీపు దాకా పల్చటి ముసుగు వేసుకుని చర్చిలోకి నడిచి రావాలి. చీర కుదిరింది, ముసుగు కుదరలేదు. హైదరాబాదు నుంచి తెస్తానన్న బంధువు రాలేదు. చర్చివాళ్ల దగ్గర అందరూ వాడిన పాత ముసుగు ఒకటుంది, పసుపుపచ్చగా అయిపోయి, అంచు ఊడిపోయి. ఆ మాట ఆమె రోజూ నా గది ముందు వాకిలి ఊడుస్తూ ఎవరితోనో ఒకరితో చెబుతూ ఉండటం నేను వింటూనే ఉన్నాను. విన్నాను గానీ, నా అలసటలో ఆ మాటకు నిలబడటానికి చోటు దొరకలేదు.

ఆ రోజు సాయంత్రం వాకిట్లో టీచరమ్మ బియ్యం ఏరుతోంది. ఇంకా ఇద్దరి మాట తక్కువైంది గదా అని నేను బట్టను ఆమె ముందు పెట్టాను. నా వెనకే ఉన్న చాచా అలవాటు ప్రకారం, “సాబ్ తారీఫ్ అడుగుతుండు టీచరమ్మా” అన్నాడు. ఆమె చేటను పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని బట్టను పట్టుకుంది.  కళ్లలో నీళ్లు కనబడ్డాయి. (బియ్యంలో దుమ్ము అనుకున్నాను. నేను అలాంటివాణ్ణే.)

“గింత మంచి బట్ట నా జిందగీల ముట్టలేదు సార్. తెల్లగ, పాలమీగడ లెక్కుంది. మా బిడ్డ నెత్తి మీద ఉంటే దేవదూత లెక్కుంటది.”

నేను ‘ముసుగు బట్ట’ అని రాసుకున్నాను. మర్నాడు పొద్దున్నే బోధన్ బస్సు పట్టుకోవాలి. చక్కెర సీజనులో మిల్లుల దగ్గర వారం డ్యూటీ. నా గదిలో ఎలుకలు, పైగా గూడు తలుపుకు గడియ లేదు. నాకు నిద్ర ముంచుకొస్తోంది. “మీ దగ్గరే ఉంచండమ్మా” అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, “నిజంగనా సార్?” అంది. నిజంగా కాకపోతే ఏమిటి, ఎలుకలు నిజమే గదా అనుకుని, అవునమ్మా అని చెప్పి వెళ్లి పడుకున్నాను. ఆ రెండు మాటలకూ మధ్య ఎంత లోయ ఉందో నాకు తెలియదు.

బోధన్ దగ్గర ఆ మిల్లు ఫోర్‌మన్, అందరూ ఫోర్‌మన్ అన్న అని పిలిచే ఆయన, నన్ను నేరుగా రసం తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ చట్రాలకు బిగించి అదే బట్ట, కాకపోతే రసం తాగి గోధుమరంగు తిరిగి, నాలుగు చోట్ల అతుకులు పడి ఉంది. కొత్త బట్ట బొంబాయిలో ఆగిపోయింది గదా, పాతదానికే సూదీ దారం పట్టుకుని కూర్చుంటున్నారట. బురదరసం పైనుంచి పోస్తే కింద తేటగా దిగుతోంది. నాకు అనుమానం తీరిపోయింది. మిల్లువాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. మరి ఊళ్లో ఒక్కరూ ఈ మాట ఎందుకనలేదని, నా కాగితం తీసి ఫోర్‌మన్ అన్నకు చదివి వినిపించాను. ఆయన ముందు నవ్వాడు. తర్వాత కూర్చున్నాడు. తర్వాత మళ్లీ నవ్వాడు.

“సార్, తారీఫ్ అంటే పొగుడుడు సార్. మీరు బట్టను చేతిల పట్టుకొని, దీన్ని జెర పొగడుర్రి అని బజార్ బజార్ తిరిగిండ్రు. అడిగినంక పొగడకుంట ఉంటరా మావోళ్లు?”

నేనూ నవ్వాను. ఆ వారమంతా చెరకు పిప్పి వాసనలో, అరచేతుల్లో బంక తుడుచుకుంటూ, తలచుకుని తలచుకుని నవ్వుకున్నాను. టీచరమ్మ సంగతి మాత్రం ఒక్కసారీ తట్టలేదు. మనం నవ్వుకునే కథలో మన వంతు ఇంకా మిగిలి ఉంటే అది మనకే ఆఖరున తెలుస్తుంది.

పెండ్లి రోజుకు సరిగ్గా తిరిగి వచ్చాను. దుమ్ము కడుక్కుని, ఉన్న చొక్కాల్లో మంచిది వేసుకుని చర్చికి వెళితే, నాలుగో వరసలో కామా సారు కూర్చుని ఉన్నారు. టీచరమ్మ ఆయన పిల్లలకు అక్షరాలు నేర్పిందట, పిలిచింది. నన్ను పక్కన కూర్చోమన్నారు. బల్ల గట్టిగా ఉంది, గాలి లేదు, వారం రోజుల అలసట మెడ మీద కూర్చుంది. పాట మొదలైంది, అందరూ లేచారు, నేనూ లేచాను. పెండ్లికూతురు నడిచి వస్తోంది. తెల్లచీర, తల మీద తెల్లని ముసుగు, అంచుకు సన్నటి లేసు. ఎంత బాగుందో అనుకున్నాను. ఆ అనుకోవడం ఇంకా పూర్తి కాకముందే ఆ పిల్ల మా వరస దగ్గరికి వచ్చింది. ఎడమ చెవి పైన, మల్లెపూల చెండు పక్కన, దారానికి వేలాడుతూ ఎర్రటి లక్క ముద్ర. మూడు సింహాలూ నా వైపే చూస్తూ వెళ్లాయి.

 ‘మీ దగ్గరే ఉంచండి’ అన్న మాట, ‘నిజంగనా సార్’ అన్న మాట, ‘తారీఫ్’ అన్న మాట, మూడూ ఒకేసారి వచ్చి తల మీద పడ్డాయి. వెనక వరసలో ఎవరో ఆడవాళ్లు, అది ఫారిన్ ముద్ర అని, అసలు సరుకని తెలియడానికే తియ్యకుండా ఉంచారని చెప్పుకుంటున్నారు. పెండ్లికొడుకు తల్లి తలెత్తి నలుగురి వైపూ చూస్తోంది, మా కోడలి ముసుగు చూశారా అన్నట్టు. కామా సారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ సారు తల వంచుకునే ఉన్నారు. ఆమెన్ అన్నాక, తల ఎత్తకుండానే, నాకు మాత్రమే వినబడేలా అన్నారు.

“రేపు పదిన్నరకు నమూనా నా బల్ల మీద ఉండాలి.”

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పను, అందరూ ఊహించుకోగలరు. పొద్దున లేచి టీచరమ్మ వాకిట్లో నిలబడ్డాను. అల్లుడి తరఫువాళ్లు లోపల చాయ్ తాగుతున్నారు. పదకొండున్నర బస్సుకు బిడ్డను రెంజల్ పంపాలి, వాళ్ల ఊరు అదే. నేను నోరు తెరిచి వాతావరణం గురించి మాట్లాడాను. చలి తగ్గింది గదమ్మా అన్నాను. ఆమె తగ్గింది సార్ అంది. మళ్లీ నోరు తెరిచి, పెండ్లి బాగా జరిగిందన్నాను. ఆమె మీ దయ సార్ అంది. అది విన్నాక ఇక నా నోరు తెరుచుకోలేదు. ఒక తల్లి పది మంది చుట్టాల ముందు, పెండ్లైన తెల్లవారే, బిడ్డ తల మీది ముసుగు తెచ్చి సర్కారుకు ఇవ్వాలి. ఇమ్మని అడగాల్సింది నేను. అడగకపోతే రెండోసారి పొడిగించే ప్రొబేషను అంటూ ఉండదు, మూటాముల్లె కట్టుకుని తెనాలి రైలెక్కడమే. ఇంటి దగ్గర నా తర్వాత ముగ్గురున్నారు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు ఏడుపొచ్చింది. ఇరవై నాలుగేళ్ల ఇన్‌స్పెక్టరు వాకిట్లో నిలబడి ఏడిస్తే బాగుండదని, జామచెట్టు వైపు తిరిగాను.

కాపాడింది చాచా. నన్ను పిలుచుకుపోవడానికి వచ్చినవాడు సంగతి అర్థం చేసుకుని, టీచరమ్మను పక్కకు పిలిచి నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. గా బట్ట సర్కారుది, తప్పు తనదే, తారీఫ్ అన్నది తన నోరే, వాపస్ చెయ్యకుంటే సాబ్ నౌకరి పోతుందని. టీచరమ్మ నా వైపు ఒకసారి, ఇంట్లోకి ఒకసారి చూసింది. ముఖంలో ఏమీ కనబడలేదు. “నలిగింది సార్. ఇస్త్రీ చేసి ఇస్త, ఒక్క నిమిషం ఆగుర్రి” అని లోపలికి వెళ్లింది. నేను గుండె నిండా ఊపిరి పీల్చుకుని అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి లోపల నుంచి ఘాటైన వాసన వచ్చింది, వెంట్రుకలు కాలినట్టు. ఆ వెనకే ఆమె వచ్చింది. చేతుల్లో ముసుగు. లేసు విప్పి, ముద్ర చెక్కుచెదరకుండా ఉంచి, చక్కగా మడిచి ఉంది. మడత విప్పితే ఒక పక్కన బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆకారంలో, మొనతో సహా, పెద్ద కన్నం. “పాపం చేసిన సార్” అని ఆమె తల దించుకుంది.  పర్లేదమ్మా అన్నాను. నా జీవితంలో అంత అబద్ధంగా ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు.

పదిన్నరకు కామా సారు బల్ల మీద ఆ బట్ట పరిచి, జరిగినదంతా దాచకుండా చెప్పాను. తారీఫ్ నుంచి ఇస్త్రీపెట్టె దాకా. కింద బిందెల మీద సుత్తి పడుతూనే ఉంది. ఆయన బట్టను ఎత్తి పట్టుకున్నారు. కన్నంలోంచి ఆయన ముఖం కనబడింది. ఆ కన్నంలోంచే చాలాసేపు నన్ను చూశారు. ఆయన కూడా అలసిన మనిషేనని, నాకంటే ముప్పై ఏళ్లు ఎక్కువ అలసి ఉన్నారని మొదటిసారి అప్పుడే తోచింది.

“మిల్లులో చట్రానికి కట్టింది మీరు కళ్లారా చూశారా?” అని అడిగారు. చూశానన్నాను. “అయితే రాసుకోండి. మనిషి తొడుక్కునే బట్ట అన్నాక ఉతకాలి, ఇస్త్రీ చెయ్యాలి. విచారణలో భాగంగా మామూలు ఇంటి ఇస్త్రీపెట్టెతో ఈ బట్టను పరీక్షించగా, మొదటి పరీక్షకే కరిగిపోయినది. కావున ధరించుటకు పనికిరాదు. ‘కావున’ తర్వాత కామా వద్దు. నమూనా పరీక్షలో చెడిపోయినందువల్ల ముద్ర మాత్రమే తిప్పి పంపడమైనది.”

ముద్ర కత్తిరించి కవరులో పెట్టాక, మిగిలిన బట్టను మడిచి నా చేతికిచ్చి, పరీక్ష అయిపోయిన ముక్క ఆఫీసుకు అక్కర్లేదు, ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడే ఇచ్చెయ్యండి అన్నారు. బస్సు కదిలేలోపు పరుగెత్తుకెళ్లి ఇచ్చాను. నేను పరుగెత్తడం నిజామాబాదులో చాచా చూసిన మొదటిసారీ చివరిసారీ అదే. నెల తిరక్కుండా బొంబాయి నుంచి ఒప్పుదల వచ్చింది, మిల్లు బట్ట విడుదలైంది. నెలాఖరుకు నా ఫైలు కూడా వెళ్లింది. ‘వినూత్న పరీక్షా విధానము’ అని కామా సారు అందులో రాశారట. నేనది నమ్మాను. తర్వాతి పోస్టింగుల్లో కుర్ర ఇన్‌స్పెక్టర్లకు ఈ కథ చెప్పేటప్పుడు, ఇస్త్రీపెట్టె ఆలోచన నాదే అన్నట్టు కూడా చెప్పుకున్నాను. ఒక్క నిజం మాత్రం మింగేశాను. ధరించుటకు పనికిరాదు అని నేను సంతకం పెట్టిన బట్టను, ధరించగా నా కళ్లతో చూశాను.

పన్నెండేళ్ల తర్వాత, డెబ్బైల చివర్లో, తనిఖీకి బోధన్ వెళుతూ నిజామాబాదులో దిగి టీచరమ్మ ఇంటికి వెళ్లాను. చాచా అప్పటికి లేడు. ఆమె రిటైరయి జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తు పట్టి, కుర్చీ వేసి, చాయ్ పెట్టింది. గిన్నె దించి, ఒక వెదురు చట్రానికి కట్టిన బట్టలోంచి వడగట్టింది. బట్ట చాయ్ రంగు తిరిగి ఉంది. ఒక అంచున కాలి ముడుచుకుపోయిన వంపు, మొనతో సహా. నేను లేచి నిలబడ్డాను.

“గుర్తు వట్టినవా బిడ్డా,” అంది. పెద్దదైంది గదా, సార్ అనడం మానేసింది. “సగం మా పిల్ల తీస్కపోయింది. పెట్టెల పెట్టుకుంది, దాని బిడ్డకని. కాలిన దిక్కు నాకిచ్చింది.”

నేను నవ్వి, మొత్తానికి వడపోత బట్టే అయింది గదమ్మా, నా నివేదిక ఇన్నాళ్లకు నిజమైందన్నాను. ఆమె నవ్వలేదు. గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, కొంగుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంది.

“నలగని బట్టకు ఇస్త్రీ ఎందుకని నువ్వప్పుడే అడగాలె బిడ్డా. నేనే పెట్టిన, కావాలనే పెట్టిన. కాలిన బట్టను సర్కారు ఏం జేసుకుంటది, వాపస్ ఇస్తరనుకున్న. తెల్లారే ముసుగు గుంజుకపోయిండ్రంటే అత్తగారి ముంగట నా బిడ్డ మొఖం ఏంగావాలె? నీ నౌకరి ముచ్చట చాచా చెప్పిండు. ఇన్న. ఇనుకుంటనే పెట్టిన.”

వాకిట్లో ఎవరో కోళ్లను అదిలిస్తున్నారు. ఆమె ఇంకా చెప్పవలసినది ఉన్నట్టు నేల చూస్తూ కూర్చుంది.

“మూడు సింహాలు నాకు తెల్వదా? బళ్లె పిల్లలకు చెప్పేదాన్ని నేనే గద. ముద్ర జూసినప్పుడే అనుమానమొచ్చింది. నువ్వు ఉంచండి అంటివి. ఒక్కసారి అడిగిన, నిజంగనా అని. రెండోసారి అడగలే. అడిగితే కాదంటవేమోనని అడగలే. దేవుని కాడ ఎప్పుడో ఒప్పుకున్న. నీ కాడనే మిగిలింది.”

పన్నెండేళ్లు నాది అనుకున్న తెలివి అలా చాయ్ గిన్నె పక్కన ఆమెకు వెళ్లిపోయింది. కోపం రావాలి గదా అని కాసేపు చూశాను, రాలేదు. (కోపానికి కూడా ఓపిక కావాలి.) వాకిలి ఊడుస్తూ ఆమె రోజూ చెప్పిన మాట నేను ఒక్కరోజు సరిగ్గా విని ఉంటే, హైదరాబాదు నుంచి ఒక ముసుగు తెప్పించడం నా జీతానికి కష్టమయ్యేది కాదు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. గ్లాసు కింద పెట్టి, నేనూ ఒకటి ఒప్పుకోవాలమ్మా అన్నాను. ఆ బట్ట ధరించడానికి పనికిరాదని రాసి ఉద్యోగం నిలబెట్టుకున్నానని, కానీ ఆ రోజు చర్చిలో మీ బిడ్డ దాన్ని వేసుకుని నడిచి వస్తుంటే, ముద్ర కంటబడే దాకా, నా జన్మలో అంత బాగున్న బట్టను చూడలేదనుకున్నానని చెప్పాను.

ఆమె ముఖం విచ్చుకుంది. “గిది తారీఫంటే. అప్పుడే జెప్పకపోతివి” అని, నా గ్లాసులో ఇంకో చాయ్ వడగట్టింది.